షర్లీ అని పెడితే పాతకాలం పేరు అంటారా?

తార్నాక_కోడలు:
మాకు పాప పుట్టింది. అత్తమ్మ "షర్లీ" అనే పేరు దగ్గర పట్టు పట్టి కూర్చున్నారు. ఆవిడ నర్సింగ్ చదివేటప్పుడు హాస్టల్లో కన్నకూతురిలా చూసుకున్న వార్డెన్ పేరట. నాకూ నచ్చింది, పిలవడానికి ముద్దుగా ఉంది. ఈలోపు మా మరిది ఫోన్ తీసి టెన్షన్ పెట్టాడు. అది మగవాళ్ల పేరంటాడు. పైగా ఒక సైట్లో "వెలుగున్న మైదానం", ఇంకోదాంట్లో "నా పాట" అని ఉంది. ఏది నమ్మాలి? మా అమ్మేమో "బైబిల్లో లేని పేరేంటే" అని రోజూ ఫోన్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

బోడుప్పల్_బాబాయ్:
హోటల్ మెనూలో షర్లీ టెంపుల్ అని ఒక డ్రింకు ఉంటుంది. జింజర్ సోడాలో ఎర్రటి దానిమ్మ సిరప్ పోసి ఇస్తారు. కాలేజీలో ఫ్రెండ్స్ ఏడిపించడం మాత్రం ఖాయం తల్లీ.

మాజీ_ఇంగ్లిష్_లెక్చరర్:
అమ్మా, మీ మరిది చెప్పింది సగం నిజం. షర్లీ ముందు ఊరి పేరు. ఇంగ్లండులో డెర్బీషైర్‌లో ఒకటుంది, సౌతాంప్టన్‌లో ఒకటుంది. పాత ఇంగ్లిష్‌లో మొదటి ముక్కకు వెలుగు అని, చివరి "లీ"కి అడవిలో చెట్లు కొట్టి చదును చేసిన జాగా అని అర్థం. స్టాన్లీ, బ్రాడ్లీ, ఆష్లీల చివర ఉన్నదీ అదే. ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు కొత్తేం కాదు కదా. వాళ్లు ఇంకో అడుగు వేసి, ఆ ఇంటిపేరునే మగపిల్లలకు పెట్టుకున్నారు.

ఆడపిల్లల వైపు తిప్పింది షార్లెట్ బ్రాంటీ. 1849లో వచ్చిన ఆమె నవల పేరే "షర్లీ". అందులో తల్లిదండ్రులు కొడుకు కోసం ఎదురుచూసి, కూతురు పుడితే ఆ అబ్బాయికి అనుకున్న పేరే పెట్టేస్తారు. ఆ తర్వాత 1930లలో బాలనటి షర్లీ టెంపుల్ వచ్చింది. ఆ జోరులో 1935లో అమెరికాలో ఆడపిల్లల పేర్లలో మేరీ తర్వాత స్థానం షర్లీదే. అందుకే అక్కడ ఇప్పుడు ఆ పేరు వింటే అమ్మమ్మలు గుర్తొస్తారు. మన సికింద్రాబాద్‌లో ఆ బాధ లేదు.

పాపం, ఆ మార్పులో చిక్కుకున్న మగాయన ఒకరున్నారు. వాషింగ్టన్ పోస్ట్‌లో దశాబ్దాల పాటు క్రీడల కాలమ్ రాసిన షర్లీ పోవిచ్. ప్రముఖ అమెరికన్ మహిళల డైరెక్టరీలో ఆయన్నీ చేర్చేశారు! మీ మరిదికి చెప్పండి, సంతోషిస్తాడు.

ఇక "నా పాట" అనేది వేరే పేరు. ఇజ్రాయెల్‌లో ఆడపిల్లలకు పెట్టే హీబ్రూ పేరు షిర్లీ. షీర్ అంటే పాట. రెంటికీ చుట్టరికం లేదు, పలకడం దగ్గరగా ఉందని సైట్లవాళ్లు కలిపేశారు. షర్లీ బైబిల్లో లేని మాట నిజమే. కానీ 96వ కీర్తన మొదట్లో "క్రొత్త కీర్తన" అన్నచోట హీబ్రూలో ఉన్నది ఆ షీరే. మీ అమ్మగారికి అదే చెప్పుకోండి, కాకపోతే ఇంగ్లిష్ పేరుకు అర్థం అదేనని మాత్రం అనకండి.

మల్కాజిగిరి_షర్లీ:
నా పేరే షర్లీ అక్కా! అర్థం సంగతి తర్వాత, ముందు స్పెల్లింగ్ చూసుకోండి. నా టెన్త్ మెమోలో చివర ఈ లేదు, ఉత్త వై. ఆధార్‌లో ఐ బదులు ఈ పడింది. పాస్‌పోర్ట్ టైమ్‌కి అఫిడవిట్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఎస్, హెచ్, ఐ, ఆర్, ఎల్, ఈ, వై. ఇదే మామూలు స్పెల్లింగ్, ఇదే రాయించండి. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఖాళీగా ఉంటే కంగారొద్దు. పుట్టిన రిజిస్ట్రేషన్ అయిపోయుంటే ఏడాది లోపు ఫీజు లేకుండా చేర్పించొచ్చు. తర్వాతైతే లేటు ఫీజుతో 15 ఏళ్ల దాకా టైముంది. స్కూల్లో నన్ను షెర్లీ, షీర్లీ, చెర్రీ అన్నారు, అన్నిటికీ పలికాను.

తార్నాక_కోడలు:
సర్, చాలా థ్యాంక్స్. మీరు రాసింది అత్తమ్మకు చదివి వినిపించా. కీర్తన సంగతి వినగానే ఆవిడే మా అమ్మకు ఫోన్ చేశారు, అటు నుంచి ఇంక మాట లేదు. షర్లీ, ఆ స్పెల్లింగ్ కాగితం మీద రాసి మా ఆయన పర్సులో పెట్టాను. పేరు ఖాయం. మా మరిది ఇప్పుడు ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా అని మొదలుపెట్టాడు. దానికి వేరే పోస్టు పెడతా.