బెంగళూరు లాల్‌బాగ్ గులాబీలు అసలు ఎప్పుడు బాగుంటాయి? అమ్మ ముందు పరువు పోయింది

మారతహళ్లి కోడలు:
అమ్మ తెనాలి నుంచి వచ్చిందని ఆగస్టు పదిహేను సెలవుల్లో లాల్‌బాగ్ ఫ్లవర్ షోకి తీసుకెళ్లాను. గ్లాస్ హౌస్ దగ్గర గంటన్నర క్యూ, సరే అది ఊహించిందే, కానీ అమ్మకి కావాల్సింది గులాబీలు. తీరా ఆ వైపు నడిపించుకుని వెళ్తే సగం మొక్కలకి ఆకులు మచ్చలు పడి రాలిపోయాయి, పూసిన నాలుగూ వానకి తడిసి తలలు వేలాడేశాయి. "దీనికా ఇంత దూరం తెచ్చావు, మన పెరడే నయం" అంది. సంక్రాంతి అయ్యాక మళ్లీ వస్తుందట, ఎప్పుడు తీసుకెళ్లమంటారు? ఇంకోటి, అక్కడే ఒక స్టాల్‌లో కొన్న ఎర్ర గులాబీ అంటు ఏపుగా పెరుగుతోంది కానీ ఒక్క మొగ్గ లేదు. మోసపోయానా?

జయనగర్ పాత కాపు:
షో తేదీలు ఆగస్టు 15నీ జనవరి 26నీ చూసి పెడతారు, గులాబీ మొక్కని అడిగి కాదు. వానాకాలంలో ఆకు మీద తడి ఆరక నల్లమచ్చ తెగులు వస్తుంది, మీరు చూసింది అదే. వానలు తగ్గాక కొమ్మలు కత్తిరిస్తే ఆరేడు వారాలకి పూలు, అంటే డిసెంబరు, జనవరిల్లో చూడాలి. సంక్రాంతి అయ్యాక అంటే మళ్లీ షో జనంలోనే పడతారు, కాబట్టి పండగకి ముందే రప్పించండి. మెట్రోలో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగితే వెస్ట్ గేటు దగ్గరే, మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. 240 ఎకరాలు, మొత్తం తిప్పేయకండి ఆవిడని. గులాబీలు చూశాక ఓపికుంటే ఆ పెద్ద బండ దగ్గరికి, దాని వయసు 300 కోట్ల ఏళ్లని చెప్తే మా అమ్మ దణ్ణం పెట్టింది.

కడియం కుర్రాడు:
మోసమేం కాదు అక్కా. అంటు కట్టిన చోట చిన్న కణుపులా ఉబ్బు ఉంటుంది, ఏపుగా వెళ్లే కొమ్మ దానికి పైనుంచి వచ్చిందా కిందనుంచి వచ్చిందా చూడండి. కిందనుంచైతే అది అడుగు మొక్కది, అంటే వేళ్ల కోసం కింద వాడిన మొక్కది, బలమంతా అదే లాగేస్తుంది. ఏడాకులుంటే అడవి గులాబీ అనే మాట నమ్మొద్దు, మంచి రకాల్లోనూ ఏడుంటాయి. కత్తెరతో పైపైన కోస్తే మళ్లీ వస్తాయి, మట్టి తీసి పుట్టిన చోట పట్టుకుని పీకేయాలి.

రాజాజీనగర్ మామ:
గులాబీల కోసమే అయితే లాల్‌బాగ్ చిన్నదే, ఒప్పుకోవాలి. నేను చూసినవాటిలో గులాబీ తోట అంటే చండీగఢ్‌దే, 1967లో పెట్టారు, జాకీర్ హుస్సేన్ పేరు, 30 ఎకరాలు, ఫిబ్రవరిలో పండగ కూడా. అయితే ఆ చలి మనకెక్కడిది? అందుకే మన వేడికి తట్టుకునే గులాబీలు కావాలని మణిపూర్ వైపు అడవి గులాబీతో సంకరం చేసుకుంటూ కూర్చున్నారు వీరరాఘవన్ గారు, ఆంధ్రా కేడర్ ఐఏఎస్ ఉద్యోగం వదిలేసి కొడైకెనాల్‌లో. మీ అమ్మగారికి ఈయన సంగతి చెప్పండి, నచ్చుతుంది.

మారతహళ్లి కోడలు:
చూశాను, కిందనుంచే! పీకేశాను, చేతులు గీరుకుపోయాయి. అమ్మకి ఫోన్ చేస్తే "నేను ఆ రోజే చెప్పాను కదా" అంది. చెప్పలేదు. జనవరి మొదటివారానికి టికెట్ బుక్ చేశా.