ఉర్నయర్ పర్షియాకు కీలుబొమ్మేనా?

కురాతీరం:
ముందే చెప్తున్నా, ఉర్నయర్ ఏలిన అల్బేనియా ఐరోపాలోది కాదు. కాకసస్ కొండల దక్షిణాన, ఇప్పటి అజర్‌బైజాన్ వైపు ఉండేది. రాజధాని కబలా. 4వ శతాబ్దంలో దాన్ని ఏలినవాడు ఉర్నయర్, పర్షియా చక్రవర్తి రెండో షాపూర్‌కు బావ వరస. నిన్న ఒకరు ‘షాపూర్ ఆడించినట్టల్లా ఆడాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు మింగుడు పడలేదు.

359లో షాపూర్ రోమన్ల కోట నగరం అమిదా (ఇప్పటి తుర్కియేలోని దియార్‌బకిర్) మీదికి వెళ్తుంటే, రోమన్ అధికారి అమ్మియానస్ ఎత్తైన బండ మీద నుంచి ఆ సైన్యాన్ని కళ్లారా చూశాడు. షాపూర్ ఎడమ పక్కన ఖియోనైట్ల (మధ్య ఆసియా జాతి) రాజు గ్రుంబేట్స్, కుడి పక్కన అల్బేనియా రాజు. ఇద్దరిదీ సమాన హోదా అని రాశాడు. పేరు చెప్పలేదు గానీ, ఆ రాజు ఉర్నయరే అని చరిత్రకారులు అంటారు. కీలుబొమ్మకు కుడి పక్కన చోటిస్తారా?

పాతరాతి:
ఇస్తారండీ. పక్కన చోటిచ్చి పని చేయించుకుంటారు. అమిదా ముట్టడి 73 రోజులు సాగింది. ఉత్తరం వైపు గోడను అల్బేనియన్లకు అప్పగించారు. ఆ ఊరితో వాళ్లకేం పని? పన్నెండేళ్లకు, 371లో, అర్మేనియాలో రోమన్, అర్మేనియన్ సేనలతో జరిగిన బగవాన్ యుద్ధానికీ ఉర్నయర్ షాపూర్ తరఫునే వెళ్లాడు. పిలిచినప్పుడల్లా సైన్యంతో వెళ్లేవాణ్ణి సామంతుడనే అంటాం.

గరుడపచ్చ:
ఆ బగవాన్ దగ్గరే కాస్త ఆగండి. యుద్ధానికి ముందు ఉర్నయర్ తన మనుషులకు ఏం చెప్పాడో అర్మేనియన్ చరిత్రకారుడు ఫౌస్తోస్ రాశాడు: గ్రీకులను (అంటే రోమన్ సైనికులను) ఎక్కువమందిని ప్రాణాలతో పట్టుకోండి, మన ఊళ్లకూ కోటలకూ మట్టి పిసకడానికి, రాళ్లు చెక్కడానికి పనికొస్తారు అని. అంటే తన రాజ్యం పని మీద ధ్యాస ఉన్న మనిషే కదా!

తీరా యుద్ధంలో ఓడిపోయాడు. అర్మేనియా సేనాని ముషేగ్ ఎదురుపడి ఈటె కర్రతో తల మీద కొట్టి, ‘కిరీటం పెట్టుకున్నవాడివి కాబట్టి చంపను’ అని వదిలేశాడు. దానికి కృతజ్ఞతగా, షాపూర్ మళ్లీ దండెత్తబోతున్నాడని ఉర్నయర్ ముషేగ్‌కు కబురు పంపాడట. నమ్మిన బంటు అలా చేస్తాడా?

పాతరాతి:
ఫౌస్తోస్‌కు ముషేగ్ వంశమంటే ప్రాణం. శత్రువు కూడా ముషేగ్‌కు చేతులు జోడించాడని రాసుకుంటే ఆ వంశానికే పేరు. ఉర్నయర్‌కు బాప్తిస్మం ఇచ్చింది అర్మేనియాను క్రైస్తవంలోకి తెచ్చిన సెయింట్ గ్రెగరీ అన్న కథ కూడా ఇలాంటిదే. గ్రెగరీ 331 ప్రాంతంలోనే, అమిదా ముట్టడికి దాదాపు ముప్పై ఏళ్ల ముందే పోయాడు. ఇలాంటి వాటి మీద వాదన కట్టడం నాకు ఇష్టం లేదు.

కురాతీరం:
ఒప్పుకుంటాను, కబురు కథ పక్కన పెడదాం. కానీ 387లో రోమ్, పర్షియా అర్మేనియాను పంచుకున్నప్పుడు కురా నది కుడి ఒడ్డున ఉన్న ఉటిక్, అర్ట్సఖ్ అనే ప్రాంతాలు అల్బేనియాకు వచ్చాయి. అమిదా దగ్గరా బగవాన్ దగ్గరా చిందించిన నెత్తురుకు అందులో భాగం ఉందని నా నమ్మకం. బేరం తెలిసినవాడి లక్షణం అది.

పాతరాతి:
ఇచ్చినవాడు తీసుకోనూ గలడు. తర్వాతి శతాబ్దంలో అదే అల్బేనియాను ఏలిన రెండో వాచే స్వయానా పర్షియా చక్రవర్తి పేరోజ్ మేనల్లుడు. పర్షియా మీద తిరగబడ్డాడు, చివరికి సింహాసనమే వదులుకున్నాడు. ఆపైన సుమారు 20 ఏళ్లకు పైగా ఆ దేశానికి రాజే లేడు.