గ్యాస్ గీజర్ రిపేరు మనమే చేసుకోవచ్చా, మెకానిక్కునే పిలవాలా? (విజయవాడ)

కృష్ణలంక అమ్మాయి

అందరికీ నమస్తే. మా అమ్మానాన్నలు కృష్ణలంకలో ఫ్లాట్‌లో ఉంటారు, నేను ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉంటున్నాను. వాళ్లింట్లో గ్యాస్ గీజర్ ఉంది. ఫ్లాట్ కొన్నప్పటికే పాత ఓనర్ బాత్రూమ్ లోపల గోడకి బిగించి ఉంచాడు, దాన్నే వాడుతున్నారు. ఈ మధ్య పంపు తిప్పితే టకటకమని స్పార్క్ వస్తోంది గానీ ఒక్కోసారి అంటుకోవడం లేదట. అంటుకున్నప్పుడు కూడా మంట ఇదివరకటిలా నీలంగా లేదు, పసుపుగా లేస్తోంది, గీజర్ పైన గోడంతా మసి.

కంపెనీ సర్వీసుకి కంప్లైంట్ పెడితే రేపు మాపు అంటూ ఎవరూ రాలేదు. వీధి చివర షాపు నుంచి ఒకబ్బాయి వచ్చి చూసి, సెన్సర్ పోయింది, దాన్ని తీసేసి వైర్లు డైరెక్ట్ చేసేస్తాను అన్నాడట. నాన్న ఒప్పుకోలేదు, పంపించేశారు. ఇప్పుడు మా తమ్ముడు (మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు) వీడియోలు చూసి నేనే విప్పుతా అంటున్నాడు. నాన్న కూడా వాడి వైపే, ఎందుకంటే ఇంట్లో ఫ్యాను, మిక్సీ, బోరు మోటారు అన్నీ ఆయనే బాగు చేసుకుంటారు, చేతిలో పనుంది. అమ్మకి మాత్రం ఒకటే టెన్షన్, రోజూ నాకు ఫోను. ఈ ఆదివారం విప్పుతారట. విప్పనివ్వాలా, ఆపాలా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పటమట వాసి

విప్పమనండి, ఏం కాదు. ముందు సెల్స్ మార్చమనండి. ఆ గీజర్లలో లావు సెల్స్ రెండు ఉంటాయి, ఒకటిన్నర వోల్టులవి. అవి వీక్ అయితే స్పార్క్ వచ్చినట్టే ఉంటుంది గానీ గ్యాస్ తెరిచే వాల్వు సరిగా తెరుచుకోదు. తర్వాత నీళ్లు లోపలికి వెళ్లే చోట నట్టు విప్పితే చిన్న జాలీ ఉంటుంది. మన దగ్గర బోరు నీళ్లకి అది ఇసుక, ఉప్పు పట్టి మూసుకుపోతుంది. నీళ్ల ప్రెజర్ తగ్గితే లోపల డయాఫ్రం (నీళ్ల ఒత్తిడికి కదిలే పొర) కదలదు, అది కదలకపోతే స్విచ్ పడదు, గీజర్ వెలగదు. ఈ రెండింటికి మెకానిక్కుని పిలిస్తే పది నిమిషాల పనికి ఐదారొందలు తీసుకుంటున్నారు. మీ తమ్ముడు ఇంజినీరింగ్ చదివాడు, మీ నాన్నగారికి అనుభవం ఉంది, ఇంకేం కావాలి? మనవాళ్లు ప్రతిదానికీ భయపడబట్టే ఈ మెకానిక్కులు సెన్సర్ పోయింది, బోర్డు పోయింది అని ఏదో ఒకటి చెప్పి డబ్బులు గుంజుతున్నారు.

అరండల్‌పేట గ్యాస్ సర్వీస్

అమ్మా, నేను గుంటూరులో గ్యాస్ పొయ్యిలు, గీజర్లు బాగుచేస్తాను. విప్పాలా వద్దా అనేది తర్వాత చూద్దాం. ముందు ఇవాళ్టి నుంచే ఆ గీజర్ వెలిగించడం ఆపేయమని చెప్పండి. రెగ్యులేటర్ కట్టేసి, బండ నుంచి తీసేసి, క్యాప్ పెట్టమనండి. నీళ్లు పొయ్యి మీద కాచుకోవచ్చు.

పటమట అన్న చెప్పింది తప్పు కాదు. సెల్స్, జాలీ మీరే చూసుకోవచ్చు, నేను కూడా ఫోన్‌లో అడిగినవాళ్లకి ముందు అదే చెబుతాను. కానీ ఆ రెండూ అంటుకోకపోవడానికి కారణాలు. పసుపు మంటకి కాదు. పసుపు మంట, మసి అంటే గ్యాస్‌కి సరిపడా గాలి అందడం లేదని. బర్నర్‌లో దుమ్ము, సాలెగూడు ఉండొచ్చు. లేదా పైన నీళ్లు వేడెక్కే రాగి రేకుల మధ్య మసి పేరుకుని, కాలిన గాలి పైకి పోయే దారి మూసుకుపోయి ఉండొచ్చు. దారి మూసుకుపోయేకొద్దీ మంట ఇంకా పాడవుతుంది, మంట పాడయ్యేకొద్దీ మసి ఇంకా పడుతుంది.

ఇక్కడే ఇంట్లో వాళ్లు చేసే పని ఒకటుంది. పిన్నీసో సూదో తీసుకుని జెట్లు (గ్యాస్ బయటికొచ్చే సన్న రంధ్రాలు) పొడుస్తారు. జెట్టు ఇత్తడిది, మెత్తన. కంటికి కనపడనంత వెడల్పయినా గ్యాస్ ఎక్కువ వస్తుంది, గాలి మాత్రం అంతే ఉంటుంది, మంట ఇంకా పసుపవుతుంది. వేడి చాలట్లేదని హోటల్ వాళ్ల హై ప్రెజర్ రెగ్యులేటర్ తగిలించిన ఇల్లు కూడా నేను చూశాను. ఇంటి రెగ్యులేటర్ 30 మిల్లీబార్ దగ్గర గ్యాస్ ఇస్తుంది, గీజర్ తయారయ్యేది దానికే.

ఆ సెన్సర్ డైరెక్ట్ చేస్తానన్న అబ్బాయిని మాత్రం మళ్లీ గుమ్మం ఎక్కనివ్వకండి. మంట ఆరిపోయిందని తెలుసుకుని గ్యాస్ ఆపేది ఆ సెన్సర్ పిన్నే. దాన్ని పక్కన పెట్టి వాల్వుకి నేరుగా కరెంటు ఇస్తే, మంట ఆరినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. మన బండ గ్యాస్ గాలికన్నా బరువు, పైకి పోదు, బాత్రూమ్ నేల మీద నిలుస్తుంది. మీ నాన్నగారు ఒప్పుకోకపోవడం చాలా మంచిదైంది.

సూర్యారావుపేట ల్యాబ్

నేను ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. అందరూ రిపేరు గురించే మాట్లాడుతున్నారు, గీజర్ బాత్రూమ్ లోపల ఉందన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. నాకు అదొక్కటే భయంగా ఉంది.

గ్యాస్ లీకయితే ఘాటు వాసన వస్తుంది, అది కావాలనే కలుపుతారు. కానీ సరిగా కాలని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునేదానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. మూసిన బాత్రూమ్‌లో స్నానం చేస్తున్న మనిషికి ముందు తలనొప్పి, తల తిరగడం, వికారం. నీరసం అనుకుంటారు, బీపీ అనుకుంటారు, పొద్దున్నే ఏమీ తినలేదు కదా అనుకుంటారు. తలుపు గడియ తీసేలోపే పడిపోతారు. ఇంకో సంగతి, కోవిడ్ అప్పుడు అందరం కొన్న వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఇందులో పనికిరాదు. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ నిండినా అది 98, 99 చూపిస్తుంది, ఎందుకంటే రక్తం పట్టుకున్నది ఆక్సిజనా, కార్బన్ మోనాక్సైడా అన్న తేడా దానికి తెలియదు. రక్త పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

మేడం, మీ అమ్మగారికి ఈ మధ్య స్నానం తర్వాత తలనొప్పి వస్తోందా అని ఇవాళే అడగండి. వస్తోందంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి, గీజర్ సంగతి కూడా చెప్పండి. డాక్టర్‌కి మనం చెబితేనే కదా తెలిసేది.

పటమట వాసి

బాత్రూమ్ లోపల ఉందన్నది నేను గమనించలేదు, అలా అయితే వాడకపోవడమే మంచిది, ఆ మాటకి నేనూ ఒప్పుకుంటాను. కానీ నా అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. మెకానిక్కుని పిలవండి అంటారు, ఏ మెకానిక్కుని? సెన్సర్ డైరెక్ట్ చేస్తానన్నవాడూ మెకానిక్కే కదా! వాడు ఎక్కడ నేర్చుకున్నాడో, ఏం చదివాడో మనకి తెలియదు. వాడికన్నా జాగ్రత్తగా, మాన్యువల్ చదివి చేసే మన పిల్లాడు నయం కాదా?

బ్రాడీపేట టు బర్మింగ్‌హామ్

పటమట బ్రదర్, మీ ప్రశ్న న్యాయమైనదే. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ఇక్కడ చాలా ఇళ్లల్లో గ్యాస్ బాయిలర్ ఉంటుంది, గదులు వేడెక్కడానికీ నీళ్లకీ అదే. సొంతంగా చేసుకోవచ్చా అన్న వాదన ఇక్కడా ఉంది. 1998 నాటి గ్యాస్ భద్రత నిబంధనల ప్రకారం గ్యాస్ పని ఎవరు చేసినా ఆ పని వచ్చినవాళ్లే చేయాలి, డబ్బు తీసుకుని చేసేవాళ్లు తప్పకుండా రిజిస్టర్ అయి ఉండాలి. ఆ రిజిస్టర్ పేరు గ్యాస్ సేఫ్, 2009 ఏప్రిల్ 1 నుంచి నడుస్తోంది, అంతకుముందు కోర్గీ అనే రిజిస్టర్ ఉండేది. ఇంటికొచ్చిన మనిషి దగ్గర ఫోటో కార్డు ఉంటుంది, వెనక్కి తిప్పితే అతను ఏ ఏ పరికరాల మీద పని చేయొచ్చో రాసి ఉంటుంది. పొయ్యికి అనుమతి ఉన్నంత మాత్రాన బాయిలర్ ముట్టుకోకూడదు.

సొంత ఇల్లున్న మనిషి నాకు పని వచ్చు, నేనే చేసుకుంటా అంటే చట్టం నోరు మూయించదు. కానీ నీకు వచ్చని రుజువేమిటి అన్న ప్రశ్న మిగులుతుంది. ఇక్కడ మామూలు జనం చేసుకునేవి ఏమిటంటే నీళ్ల ప్రెజర్ ఒకటి, ఒకటిన్నర బార్‌కి పెంచడం, గదిని వేడిచేసే రేడియేటర్‌లో గాలి తీయడం, థర్మోస్టాట్ సెల్స్ మార్చడం, చలికి గడ్డకట్టిన బయటి పైపు మీద గోరువెచ్చని నీళ్లు పోయడం. బాయిలర్ మూత మాత్రం విప్పరు, చాలా మోడల్స్‌లో ఆ మూతే మంట గదికి సీలు. నీళ్లు, కరెంటు సెల్స్ మనవి, గ్యాసు, మంట, పొగ దారి నేర్చినవాళ్లవి. నేను ఇక్కడ పాటించేది అదే, గుంటూరులో మా నాన్నకి చెప్పేదీ అదే.

భవానీపురం

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. విజయవాడలో భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల పైపు గ్యాస్ కనెక్షన్ తీసుకుందామనుకుంటున్నాం. పాత బండ గీజర్‌నే దానికి కలపొచ్చా?

అరండల్‌పేట గ్యాస్ సర్వీస్

భవానీపురం గారూ, కలపకూడదు. పైపు గ్యాస్ వేరు, ప్రెజర్ వేరు (21 మిల్లీబార్ దగ్గర), జెట్టు వేరు. పైపు గ్యాస్‌కని తయారుచేసిన గీజరే కొనండి. అది గాలికన్నా తేలిక, లీకయితే పైకప్పు దగ్గర చేరుతుంది, కాబట్టి పైన వెంటిలేటర్ తెరిచి ఉండాలి.

పటమట అన్నా, బర్మింగ్‌హామ్ అన్న చెప్పినట్టు కార్డు తిప్పి చూసే అలవాటు మన దగ్గర లేదు, అది మా పనివాళ్లకీ నష్టమే. మంచి పనివాడికీ తెలియనివాడికీ ఒకే రేటు. అయినా మనిషిని పట్టుకోవచ్చు. వచ్చినవాడు స్పానర్ తీసేముందు ఏం చేస్తాడో చూడండి. బండ కట్టేశాడా, కిటికీ తెరిచాడా, గీజర్ ఎక్కడ బిగించారని అడిగాడా? పని అయ్యాక జాయింట్లకి సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయా అని చూశాడా? అగ్గిపుల్ల గీసి లీకు చూసేవాడైతే అక్కడే ఆపేయండి. ఆరెంజ్ ట్యూబు మీద తేదీ చదివి ఐదేళ్లు దాటితే మార్చమన్నాడా? ఒకే బండకి T ఆకారం జాయింటు పెట్టి పొయ్యికీ గీజర్‌కీ కలిపి ఉంటే వద్దన్నాడా? బాత్రూమ్ లోపల ఉన్న గీజర్‌ని ఇక్కడే బాగుచేసి ఇస్తా అనేవాడు ఎంత పనివాడైనా నాకు నమ్మకం లేదు. పేరున్న కంపెనీ చొక్కా వేసుకొచ్చినా సరే.

నేనైతే మీ గీజర్‌ని అక్కడి నుంచి తీయకుండా రిపేరు చెయ్యనమ్మా. బయట బాల్కనీలోనో, గాలి ఆడే యుటిలిటీలోనో బిగించి, వేడి నీళ్ల పైపు మాత్రం గోడలోంచి లోపలికి తీసుకోవాలి. రాగి రేకులు మసి పట్టి లోపల ఉప్పు కూడా పట్టి ఉంటే కొత్తది కొనుక్కోవడమే చవక.

కృష్ణలంక అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రే ఫోన్ చేశాను. అమ్మకి స్నానం తర్వాత తల బరువుగా ఉంటోందట, కాఫీ తాగితే తగ్గుతుందని ఎవరికీ చెప్పలేదు. ల్యాబ్ మేడం గారూ, ఇవాళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నారు, గీజర్ సంగతి కాగితం మీద రాసి ఇచ్చి పంపాను. నాన్న బండ తీసేశారు. తమ్ముడు విప్పడు గానీ, బాల్కనీ గోడలోంచి పైపు వేసే పని ప్లంబర్‌తో దగ్గరుండి చేయిస్తానన్నాడు. సర్వీస్ గారూ, బాల్కనీకి గ్రిల్లు ఉంది, వాన జల్లు మాత్రం కొడుతుంది. గీజర్‌కి పైన రేకు వేస్తే పొగ పోవడానికి అడ్డమా?

అరండల్‌పేట గ్యాస్ సర్వీస్

రేకు మరీ ఆనించి వేయకండి, పైన కనీసం అడుగున్నర ఖాళీ ఉంచండి, పక్కలు మూయకండి. బాత్రూమ్ వెంటిలేటర్, బెడ్రూమ్ కిటికీ ఉన్న గోడకి కాకుండా అవతలి గోడకి బిగించమనండి, లేకపోతే పొగ మళ్లీ లోపలికే వస్తుంది. బిగించేలోపు ఎప్పుడైనా గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు వేయడం, ఆపడం రెండూ వద్దు. తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయమనండి, రాత్రి పగలు ఉంటారు. అమ్మగారి రిపోర్ట్ వచ్చాక ఒక మాట ఇక్కడ రాయండమ్మా.