రొయ్యల గుంట డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటరుకు సొంత డ్రైవరా, లినక్స్ కెర్నెల్‌లో ఉన్నదేనా?

ప్రశ్న (కొత్తపట్నం నుంచి):
బోర్డు రాస్ప్‌బెర్రీ పై 4. ఐ2సీ (చిప్పులను కలిపే రెండు తీగల బస్సు) మీద ఏడీఎస్1115 (వోల్టేజిని అంకెగా మార్చే చిప్పు), దాని ఏ0 పిన్నుకు డీఓ ప్రోబ్ యాంప్లిఫయర్, 0 నుంచి 3 వోల్టులు. ఏరేటర్ల కాంటాక్టర్‌కి (మోటార్ల పెద్ద స్విచ్చి) ఒక రిలే. క్యారెక్టర్ డివైస్ (ఫైలులా తెరిచే పరికరం), ఐఓసీటీఎల్ (దానికి ఆదేశాలిచ్చే కాల్)తో సొంత కెర్నెల్ మాడ్యూల్ నడుస్తోంది. కెర్నెల్ 6.1 నుంచి 6.6కి మార్చగానే క్లాస్_క్రియేట్ అనే కెర్నెల్ ఫంక్షన్ దగ్గర కంపైల్ ఆగిపోయింది. పాత కెర్నెల్ మీద కూడా అప్పుడప్పుడూ 'షెడ్యూలింగ్ వైల్ అటామిక్' (నిద్రపోకూడని చోట కోడ్ నిద్రపోయింది) అని లాగ్‌లో పడుతోంది. రిపేరు చేయాలా, మొత్తం తిరగరాయాలా?

జవాబు (నెల్లూరు):
రెండూ వద్దన్నా, ఆ మాడ్యూల్ తీసెయ్యండి. ఏడీఎస్1115కి కెర్నెల్‌లోనే ఐఐఓ (సెన్సర్ల సబ్‌సిస్టమ్) డ్రైవర్ ఉంది, పేరు టీఐ-ఏడీఎస్1015. రాస్ప్‌బెర్రీ పై మీద ఏడీఎస్1115 ఓవర్‌లే (డివైస్ ట్రీకి అతికించే ముక్క) కూడా రెడీగా దొరుకుతుంది. కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైను పెట్టి, ఛానెల్ ఎనేబుల్ చేస్తే చాలు.

డివైస్ ట్రీ (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కి చెప్పే ఫైలు) మీరే రాసుకుంటే రెండుచోట్ల జాగ్రత్త. ఛానెల్ రెగ్ 4 ఇవ్వాలి, అదే ఏ0కీ గ్రౌండ్‌కీ మధ్య వోల్టేజి. 0 ఇస్తే ఏ0, ఏ1ల తేడా వస్తుంది. గెయిన్ 1 పెట్టండి, రేంజి 4.096 వోల్టులు. రాయకుండా వదిలేస్తే గెయిన్ 2 తీసుకుంటుంది, రేంజి 2.048కి పడిపోతుంది. అప్పుడు మీ సిగ్నల్ 2 వోల్టులు దాటగానే రీడింగ్ 32767 దగ్గర బిగుసుకుపోతుంది, ప్రోబ్ పాడైందని దాన్ని మార్చేస్తారు.

అంతా సరిగ్గా ఉంటే సిస్‌ఎఫ్‌ఎస్‌లో (/sys కింద) రా, స్కేల్ ఫైళ్లు కనబడతాయి. రెండూ గుణిస్తే మిల్లీవోల్టులు. గెయిన్ 1కి స్కేల్ 0.125, అంటే రా 12000 అయితే 1500 మిల్లీవోల్టులు.

ఇక ఆ 'అటామిక్' గొడవ. ఐ2సీ బదిలీ మధ్యలో నిద్రపోతుంది. హార్డ్ ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో గానీ, టైమర్ కాల్‌బ్యాక్‌లో గానీ, స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే తాళం) పట్టుకుని గానీ దాన్ని పిలిస్తే ఈ మెసేజే వస్తుంది. ఎప్పుడైనా సొంతంగా రాయాల్సివస్తే థ్రెడెడ్ ఐఆర్‌క్యూ (నిద్రపోగలిగే థ్రెడ్‌లో నడిచే ఇంటరప్ట్ హ్యాండ్లర్), వన్‌షాట్ ఫ్లాగ్‌తో తీసుకోండి.

క్లాస్_క్రియేట్‌కి 6.4లో ఓనర్ ఆర్గ్యుమెంట్ తీసేశారు. కెర్నెల్ లోపలి డ్రైవర్లన్నీ ఆ మార్పు చేసినవాళ్లే సరిదిద్దారు. బయట ఉన్న మాడ్యూల్‌ని ఎవరూ చూడరు, ప్రతి అప్‌గ్రేడ్‌కీ ఆ పని మీ మెడకే చుట్టుకుంటుంది.

జవాబు (కావలి):
రిలే సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐఓరీమ్యాప్ చేసి (హార్డ్‌వేర్ అడ్రసు తెచ్చుకుని) జీపీఐఓ (బోర్డు పిన్నుల) రిజిస్టర్లు నేరుగా కదిలిస్తున్నట్టయితే ఆపండి. ఆ పిన్ను మీ చేతిలో ఉన్నట్టు పిన్‌కంట్రోల్‌కి (కెర్నెల్‌లో పిన్నుల లెక్క చూసే భాగం) తెలియదు, ఇంకో డ్రైవర్ దాన్ని తీసుకోవచ్చు. లిబ్‌జీపీఐఓడీ (యూజర్ ప్రోగ్రాంల నుంచి పిన్నులు నడిపే లైబ్రరీ) వాడండి. అయితే ప్రోగ్రాం చచ్చిపోతే లైన్ వదిలేస్తుంది, ఆ తర్వాత పిన్ను ఏ స్థితిలో ఉంటుందో గ్యారంటీ లేదు. అందుకే కాంటాక్టర్ కాయిల్‌ని రిలే ఎన్‌సీ (కరెంటు లేనప్పుడు కలిసుండే) పాయింటు మీదుగా కట్టించండి. రిలేకి కరెంటు లేకపోతే ఏరేటర్లు తిరగాలి. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ అట్టడుక్కి పోయే వేళకే బోర్డు ఆరిపోయి రిలేకి కరెంటు ఆగితే రొయ్యను కాపాడేది ఈ వైరింగే.

ప్రశ్న (కొత్తపట్నం):
టెంపరేచర్ సవరణ పాత మాడ్యూల్ లోపలే చేస్తున్నాం. అదెక్కడ పెట్టాలి? రేపు మా సొంత మైక్రోకంట్రోలర్ బోర్డు వస్తే దానికెట్లా?

జవాబు (నెల్లూరు):
సవరణ యూజర్ ప్రోగ్రాంలో పెట్టండి. కెర్నెల్‌లో ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు వాడకూడదు, పైగా ప్రోబ్ మెంబ్రేన్ మార్చిన ప్రతిసారీ క్యాలిబ్రేషన్ మారుతుంది. దానికోసం మాడ్యూల్ కంపైల్ చేస్తూ కూర్చోలేం.

సొంత బోర్డుకి కూడా ముందువైపు ఐఐఓ, వెనకవైపు రెగ్‌మ్యాప్ (రిజిస్టర్లు చదివి రాసే కెర్నెల్ సదుపాయం). మీరు రాయాల్సింది ఆ రిజిస్టర్ల పట్టిక, చదివే ఫంక్షన్, అంతే. ఏ సబ్‌సిస్టమ్‌కీ నప్పని పరికరమైతేనే మిస్క్ డివైస్ (చిన్న క్యారెక్టర్ డివైస్) పెట్టి ఐఓసీటీఎల్ రాయండి. అప్పుడు కూడా స్ట్రక్చర్‌లో సీ భాష 'లాంగ్' టైపు వద్దు, 32, 64 బిట్లని తేల్చి చెప్పే టైపులే వాడండి. 64 బిట్ కెర్నెల్ మీద 32 బిట్ ప్రోగ్రాం నడిపితే లాంగ్ సైజు రెండువైపులా వేరు, అంకెలు తారుమారవుతాయి.