టీచరుగా ఉండి ప్రత్యేక విద్య విభాగం నిర్వహణకు వచ్చాను: నా శిక్షణను దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న (అసిస్టెంట్ డైరెక్టరు, మొదటి సంవత్సరం)

అందరికీ నమస్కారం. అమెరికాలో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థలో) తొమ్మిదేళ్లు ప్రత్యేక విద్య టీచరుగా పనిచేసి, ఈ విద్యాసంవత్సరం నుంచి అక్కడే ప్రత్యేక విద్య, విద్యార్థి సేవల విభాగానికి అసిస్టెంట్ డైరెక్టరునయ్యాను. పిల్లలకు పాఠం చెప్పడం, లక్ష్యాలు రాయడం, వారి ప్రగతిని వారం వారం నమోదు చేయడం నాకు అలవాటైన పనులు. ఇప్పుడు నా బల్ల మీదికి వచ్చేవి వేరు. పిల్లలకు ప్రత్యేక విద్య అవసరమా అని తేల్చే మూల్యాంకనాల గడువులు, భర్తీ కాని థెరపిస్టు ఉద్యోగాలు, బస్సు ఏర్పాట్లు, సస్పెన్షన్ల మీద అభ్యంతరాలు, తల్లిదండ్రుల తరఫు లాయర్ల ఉత్తరాలు, బడ్జెట్ పట్టికలు. వీటిలో ఏ ఒక్కటీ నాకు ఎవరూ నేర్పలేదు.

చేరిన మూడో వారంలో జరిగిన ఒక ఐఈపీ (వైకల్యం ఉన్న ఒక్కో పిల్లవాడికి విడిగా రాసే విద్యా ప్రణాళిక) సమావేశం నన్ను ఇంకా వదలడం లేదు. రెండో తరగతి చదివే బాబుకు ఆక్యుపేషనల్ థెరపీ (రాయడం లాంటి రోజువారీ పనుల్లో ఇచ్చే తర్ఫీదు) వారానికి ఒకసారి చాలడం లేదని, రెండుసార్లు కావాలని తల్లి అడిగారు. థెరపిస్టు కాగితాల మీదికి తల వంచుకున్నారు, టీచరు నా వైపు చూశారు. డిస్ట్రిక్ట్ ప్రతినిధిగా అక్కడ కూర్చున్నది నేనే. "ఆఫీసులో కనుక్కుని చెబుతానండి" అన్నాను. ఆవిడ పెన్ను మూత పెట్టి, "మరి ఈ రోజు మనమంతా ఎందుకు కూర్చున్నట్టు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లి నిబంధనలు తిరగేస్తే, ఆ స్థానంలో కూర్చునే వ్యక్తికి సాధారణ పాఠ్యక్రమం గురించీ, డిస్ట్రిక్ట్ దగ్గరున్న వనరుల గురించీ తెలిసి ఉండాలని స్పష్టంగానే ఉంది. ఆ రెండో విషయం నాకు తెలియదు.

నా శిక్షణకు ఈ ఏడాది కేటాయించిన డబ్బు ఒక్క జాతీయ సదస్సుకు సరిపోతుంది. న్యాయవాదులు బోధించే చట్టపరమైన సదస్సుకు వెళ్లమని మా డైరెక్టరు గారి సలహా. అది అనవసరమని నేను అనడం లేదు గానీ, నాకు తక్కువైంది చట్టమేనా అన్నదే నా సందేహం. ఈ పనిలో ముందు నడిచినవారు మొదటి ఏడాదిలో ఏం నేర్చుకున్నారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు 1 (ప్రత్యేక విద్య డైరెక్టరుగా పనిచేసి రిటైరైనవారు)

అమ్మా, సదస్సుకు వెళ్లండి. అక్కడ మీలాంటి కొత్త నిర్వాహకులు పదిమంది పరిచయమైతే అదే పెద్ద లాభం. ప్రత్యేక విద్యారంగంలో పనిచేసేవారి సంస్థ అయిన కౌన్సిల్ ఫర్ ఎక్సెప్షనల్ చిల్డ్రన్‌కు అనుబంధంగా ప్రత్యేక విద్య నిర్వాహకుల కోసమే ఒక సంఘం ఉంది, అందులో చేరితే ఏడాది పొడవునా అడిగి తెలుసుకోవడానికి మనుషులు దొరుకుతారు. అయితే రెండు రోజులు కూర్చుని విన్నదాన్నే శిక్షణ అనుకోకండి. 2015 నాటి ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం వృత్తిపరమైన శిక్షణను నిర్వచిస్తూ, అది విడిగా ఒక రోజు జరిగి ముగిసిపోయే వర్క్‌షాపు కాకూడదని, పనిలో భాగంగా, సహోద్యోగులతో కలిసి, ఎడతెగకుండా సాగాలని చెప్పింది. టీచర్లకు శిక్షణ ఏర్పాటు చేసేటప్పుడు ఈ మాట మనకు గుర్తుంటుంది, మన వంతు వచ్చేసరికి మరచిపోతాం.

నాకు పని నేర్పింది ఫైళ్లు చదవడం. నెలకు ఒక పిల్లవాడి ఫైలును, మొదట సిఫారసు చేసిన కాగితం నుంచి నిన్నటి ప్రగతి నివేదిక దాకా, కేస్ మేనేజరు (ఆ పిల్లవాడి ఐఈపీ బాధ్యత చూసే టీచరు), థెరపిస్టు, ఆ బడి ప్రిన్సిపాల్, నేను ఒకే బల్ల దగ్గర కూర్చుని చదివేవాళ్లం. గంటన్నర పట్టేది. ఒకసారి నాలుగో తరగతి పాప ఫైలు తీశాం. ఐఈపీలో స్పీచ్ థెరపీ నెలకు 120 నిమిషాలని ఉంది. థెరపిస్టు రాసుకున్న పట్టీ తెచ్చి కూడితే సెప్టెంబరులో 90, అక్టోబరులో 60, నవంబరులో 45 వచ్చాయి. ఎవరూ దాచలేదు, ఎవరూ బద్ధకించలేదు. ఆ థెరపిస్టును మూడు బడులకు పంచింది నేను. ఆమె ఈ బడికి వచ్చే మంగళవారం ఉదయమే అసెంబ్లీ పెట్టింది ప్రిన్సిపాల్. మా ఇద్దరి నిర్ణయాలూ విడివిడిగా సబబుగానే కనిపించాయి, రెండూ కలిసి ఆ పాప మాటను మింగేశాయి. తప్పిపోయిన నిమిషాలను తర్వాతి నెలల్లో అదనంగా ఇచ్చాం, తల్లిదండ్రులకు మేమే ఫోన్ చేసి చెప్పాం. నా చేతిలో ఏ వనరు ఎక్కడ ఎంతుందో ఆ రోజు తెలిసినంతగా ఏ శిక్షణలోనూ తెలియలేదు.

అదే ఫైలులో మూడు త్రైమాసికాల ప్రగతి నివేదికల్లోనూ "ప్రగతి కనిపిస్తోంది" అన్న ఒకే వాక్యం ఉంది, ఒక్క అంకె లేదు. చట్టం గురించి మాట్లాడుకోవడానికి అదే సరైన చోటు. 1982లో రౌలీ కేసులో సుప్రీంకోర్టు, ఐఈపీ వల్ల పిల్లవాడికి విద్యాపరమైన ప్రయోజనం కలిగే అవకాశం ఉండాలని చెప్పింది. ఆ తర్వాత చాలా ఏళ్లు కొన్ని కోర్టులు ఏ కొద్దిపాటి ప్రయోజనమైనా చాలన్నట్టు దాన్ని అన్వయిస్తూ వచ్చాయి. 2017లో కొలరాడోకు చెందిన ఎండ్రూ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ వైఖరిని తోసిపుచ్చి, ఆ పిల్లవాడి పరిస్థితులకు తగిన ప్రగతిని సాధించగలిగేలా ఐఈపీ ఉండాలని తేల్చింది. ఈ రెండు తీర్పుల గురించి నేను సదస్సుల్లో అనేకసార్లు విన్నాను. అంకె లేని ఆ మూడు వాక్యాలను పక్కన పెట్టుకుని చదివిన రోజే అవి నాకు అర్థమయ్యాయి.

జవాబు 2 (విద్యార్థి సేవల కోఆర్డినేటరు, గతంలో స్కూల్ సైకాలజిస్టు)

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క విషయంలో తప్ప. ఫైళ్ల ద్వారా నిదానంగా నేర్చుకునేంత వ్యవధి కొన్ని నిబంధనలు మనకు ఇవ్వవు. తల్లిదండ్రులు మూల్యాంకనానికి సమ్మతి తెలిపిన నాటి నుంచి 60 రోజులు, లేదా మీ రాష్ట్రం విడిగా నిర్ణయించిన గడువు, మీరు నేర్చుకునేదాకా ఆగదు. వారు బయటి నిపుణుల చేత స్వతంత్ర మూల్యాంకనం డిస్ట్రిక్ట్ ఖర్చు మీద కావాలని అడిగితే, అనవసర జాప్యం లేకుండా ఇవ్వనైనా ఇవ్వాలి, మన మూల్యాంకనం సరైనదని నిరూపించుకోవడానికి విచారణ కోరనైనా కోరాలి. ఆ ఉత్తరం సొరుగులో నెల రోజులు ఉండిపోవడానికి మాత్రం వీల్లేదు. ఇలాంటివాటిని మొదటి నెలలోనే మీ డిస్ట్రిక్ట్ న్యాయవాదితో ఒక పూట కూర్చుని నేర్చుకోండి. దీనికి సదస్సు అక్కర్లేదు.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది మీ హోదాలోని రెండో సగం గురించి. విద్యార్థి సేవలంటే హాజరు, క్రమశిక్షణ, కౌన్సెలర్లు, నర్సులు, సెక్షన్ 504 ప్రణాళికలు (ఐఈపీ లేకపోయినా వైకల్యం వల్ల బడిలో సదుపాయాలు కావలసిన పిల్లలవి). వీటిలో మన పేరు ఉంటుంది గానీ నిర్ణయాలు చాలావరకు ప్రిన్సిపాల్ గదిలోనే జరిగిపోతాయి. కాబట్టి మీరు ఒక్కరే శిక్షణ పొందితే ఫలితం సగమే. ఐఈపీ ఉన్న విద్యార్థిని క్రమశిక్షణ చర్య కింద పది బడిరోజులకు మించి, వరుసగా గానీ ఒకే తీరుగా సాగే విడివిడి రోజులుగా గానీ, తరగతికి దూరం పెట్టాలంటే, ఆ నిర్ణయం తీసుకున్న పది బడిరోజుల లోపల, ఆ ప్రవర్తనకు వైకల్యంతో సూటిగా, గణనీయంగా సంబంధం ఉందా, లేక మనం ఐఈపీని అమలు చేయకపోవడం వల్ల అది నేరుగా తలెత్తిందా అని బృందం పరిశీలించాలి. ఈ రెండో ప్రశ్నను చాలా సమావేశాల్లో నోటితో చదివి దాటేస్తారు. పై జవాబులోని పాప లాగా సగం సేవలే అందిన పిల్లవాడైతే, ఆ ప్రశ్న దగ్గరే ఆగాలి.

ఆ పది రోజులను లెక్కపెట్టడమే అసలు చిక్కు. నేను మా ప్రిన్సిపాళ్లతో చేసే అభ్యాసం ఇది: నిరుడు జరిగిన ఒక సంఘటన తాలూకు కాగితాలను పేర్లు కొట్టేసి వాళ్ల ముందు పెడతాను, ఆ విద్యార్థి ఎన్ని రోజులు తరగతికి దూరమయ్యాడో లెక్కించమంటాను. మొదటిసారి చేసినప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో అంకె వచ్చింది. మధ్యాహ్నం పన్నెండింటికి ఇంటికి ఫోన్ చేసి "ఈ రోజుకు బాబును తీసుకెళ్లండి" అని చెప్పిన రోజులను ఎవరూ లెక్కలో వేయలేదు, అవి ఆఫీసు గుమస్తా రాసుకునే రిజిస్టరులో మాత్రమే ఉన్నాయి. ఇలా అనధికారికంగా పంపేయడం కూడా తొలగింపు కిందికి రావచ్చని సమాఖ్య విద్యాశాఖ 2022 నాటి మార్గదర్శకాల్లో హెచ్చరించింది. ఆ అభ్యాసం తర్వాత మా ప్రిన్సిపాళ్లు అలాంటి ఫోన్ చేసేముందు నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టారు.

జవాబు 3 (ఆటిజం ఉన్న పదకొండేళ్ల బాబు తండ్రి)

నేను ఈ వృత్తిలో లేను. బల్లకు అవతలి వైపు ఆరేళ్లుగా కూర్చుంటున్నవాణ్ణి. మీరు ఆ తల్లి మాటను మరచిపోలేకపోతున్నారని చదివి రాయాలనిపించింది.

మేము వెళ్లేసరికి మా బాబు ఐఈపీ తెర మీద పూర్తిగా నింపి ఉండేది. గంటలో ఇరవై పేజీలు చదివి, చివర "మీకేమైనా ప్రశ్నలున్నాయా?" అని అడిగేవారు. ముసాయిదా ముందుగా తయారు చేసుకోవడం తప్పు కాదని నాకు తెలుసు. నిర్ణయం కూడా ముందే అయిపోయి ఉండటమే తప్పు. 2004లో టెనెసీకి చెందిన డీల్ కేసులో అప్పీలు కోర్టు ఈ కారణం మీదే డిస్ట్రిక్ట్‌ను తప్పుపట్టింది. ఇంకొక విషయం, మా ఇంట్లో బాబును ఎక్కువసేపు చూసుకునేది మా ఆవిడ. ఆమెకు ఇంగ్లీషులో మామూలు మాటలు వచ్చు గానీ, ఆ సమావేశాల భాష అందదు. తల్లిదండ్రులకు అర్థమయ్యేలా దుబాసీని ఏర్పాటు చేయవలసిన బాధ్యత డిస్ట్రిక్ట్‌దేనని మాకు నాలుగో ఏటగానీ తెలియలేదు. దుబాసీ వచ్చిన మొదటి సమావేశంలో ఆమె పది నిమిషాలు మాట్లాడింది. బాబు చేతులు చెవులకు అడ్డం పెట్టుకునేది ఏ శబ్దాలకో, ఎంతసేపటికి కుదుటపడతాడో చెప్పింది. బడిలో ఎవరికీ తెలియని సంగతులు అవి.

ప్రతి రాష్ట్రంలోనూ సమాఖ్య నిధులతో నడిచే తల్లిదండ్రుల శిక్షణ, సమాచార కేంద్రం ఒకటైనా ఉంటుంది. అక్కడివారిని మీ సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి పిలవండి. వీలైతే మీరే ఒక రోజు వెళ్లి, తల్లిదండ్రులకు వాళ్లు చెప్పే తరగతిలో వెనక వరుసలో కూర్చోండి. మీ సమావేశాలు మాకెలా కనిపిస్తాయో అక్కడ వినబడుతుంది.

జవాబు 4 (స్కూల్ డిస్ట్రిక్ట్ ఆర్థిక విభాగం ఉద్యోగి)

ఒక చిన్న మాట. మీ బిజినెస్ ఆఫీసులో ఎవరినైనా పట్టుకుని, ప్రత్యేక విద్య బడ్జెట్‌ను వరుస వరుసగా చదివించుకోండి. 1975లో ప్రత్యేక విద్య చట్టం చేసినప్పుడు ఒక్కో విద్యార్థి మీద అయ్యే సగటు ఖర్చులో 40 శాతం దాకా సమాఖ్య ప్రభుత్వం భరిస్తుందన్నారు, ఆ స్థాయిని ఇంతవరకు ఎన్నడూ చేరలేదు. మిగిలిన భారం రాష్ట్రానిదీ, డిస్ట్రిక్ట్‌దీ. పైగా నిరుడు పెట్టిన ఖర్చుకు తగ్గకుండా ఈ ఏడాదీ పెట్టాలి, కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. అనుభవమున్న ఉద్యోగి మానేసినప్పుడు తగ్గే జీతం ఆ మినహాయింపుల్లో ఒకటి. ఈ లెక్క తెలిస్తే, సమావేశంలో "కనుక్కుని చెబుతాను" అనవలసిన సందర్భాలు బాగా తగ్గుతాయి. అయితే డబ్బు లేదన్న కారణం చూపి పిల్లవాడికి అవసరమైన సేవను కాదనడానికి వీల్లేదు, అదీ గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సదస్సుకు బదులు మా న్యాయవాదితో ఒక పూట, బిజినెస్ ఆఫీసుతో రెండు పూటలు అడిగి తీసుకున్నాను. మిగిలే డబ్బుతో ప్రిన్సిపాళ్ల అభ్యాసం రోజున వారి బదులు పనిచేసే సబ్‌స్టిట్యూట్లను పెట్టడానికి డైరెక్టరు గారు ఒప్పుకున్నారు. రెండో తరగతి బాబు తల్లిగారికి ఫోన్ చేసి, ఆ రోజు నాకు జవాబు తెలియకపోవడం నా లోపమేనని చెప్పాను. థెరపిస్టు గత ఎనిమిది సెషన్ల నమోదులు తీస్తున్నారు, బాబు పెన్సిల్ పట్టుకుని ఎన్ని నిమిషాలు రాయగలుగుతున్నాడో అందులో ఉంది. వచ్చే గురువారం బృందం మళ్లీ కూర్చుంటుంది, రెండో సెషన్ అవసరమని తేలితే ఏ రోజు, ఎవరు ఇవ్వగలరో ఈసారి నాకు తెలుసు.

మొదటి జవాబు రాసినవారికి ఒక ప్రశ్న. ఫైలు కలిసి చదువుదామని చెప్పగానే ఇద్దరు టీచర్లు ఇది తమ పనితీరు మదింపేమోనని కంగారుపడ్డారు. మీరు ఆ భయాన్ని ఎలా పోగొట్టారు?

జవాబు 1 రాసినవారు

అందులో బయటపడిన ఏ విషయాన్నీ మదింపు పత్రంలో రాయనని ముందే మాట ఇచ్చాను, ఆ మాట తప్పలేదు. మాట కంటే ఎక్కువ పనిచేసింది మరొకటి. మొదటి నెల బల్ల మీద పెట్టిన ఫైలు, టీచరుగా ఉన్న రోజుల్లో నేను కేస్ మేనేజరుగా సంతకం పెట్టినది. మీ తొమ్మిదేళ్లలో రాసిన వాటిలో ఒకటి వెతకండి.