చూపు 6/6 ఉంది, అయినా గ్లకోమా అన్నారు. చుక్కలు వాడాలా?

ప్రశ్న:
నాన్నగారికి 61 ఏళ్లు. చదువుకునే అద్దాలు మార్పించడానికి వెళ్తే గ్లకోమా (నీటికాసులు) అన్నారు. రిపోర్టు: కంటి లోపలి ప్రెషర్ కుడి 25, ఎడమ 22. సీడీ రేషియో (కంటి నరం మొదట్లో ఉండే గుంట ఎంత పెద్దదో చెప్పే అంకె) కుడి 0.75, ఎడమ 0.55. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం 505 మైక్రాన్లు. గోనియోస్కోపీలో (కంట్లో నీరు బయటికి పోయే మూలను చూసే పరీక్ష) కోణాలు తెరిచే ఉన్నాయి. ఫీల్డ్ టెస్టులో (వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కే, పక్క చూపు పరీక్ష) కుడి కంటికి పైభాగాన విల్లులా, చూపు లేని మచ్చ. రాత్రికి లాటానోప్రోస్ట్ (ప్రెషర్ తగ్గించే మందు) ఒక చుక్క రాశారు. చూపు చక్కగా ఉంటే మందెందుకు? శుక్లాల్లాగా ఆపరేషన్ చేసి తీసేయలేరా?

జవాబు 1:
6/6 అంటే నడిమి చూపు బాగుందని మాత్రమేనండి. గ్లకోమా పక్కల నుంచి తింటూ వస్తుంది, నడిమి చూపు చివరిదాకా మిగులుతుంది. రెండో కన్ను ఆ లోటును కప్పేస్తుంది కాబట్టి మనిషికి తెలియదు.

మీ రిపోర్టులో నన్ను ఆలోచింపజేసేది 25 అన్న అంకె కాదు. ప్రెషర్ మామూలు హద్దు 21 లోపే ఉన్నా కంటి నరం దెబ్బతినేవాళ్లున్నారు, 24 ఉన్నా ఏమీ కానివాళ్లూ ఉన్నారు. ఇక్కడ నరంలో గుంట కుడి కంటికి పెద్దది, ఆ కంటికే ఫీల్డులో మచ్చ పడింది. నరం కింది అంచు పలచబడితే మచ్చ పైభాగాన వస్తుంది. డిస్క్ (నరం మొదలు) ఫొటోలోనో ఓసీటీలోనో (నరం పొర మందం కొలిచే స్కాన్) ఆ కింది అంచు చూపించమనండి, రెండూ కలిస్తే అనుమానం అక్కర్లేదు. పైగా కార్నియా సగటు 540 దరిదాపుల్లో ఉంటుంది. 505 అంటే పలచన, మీటరు అసలుకంటే తక్కువ చూపిస్తూ ఉండవచ్చు.

ఫీల్డ్ టెస్టు మొదటిసారి చాలామందికి సరిగా రాదు. వెలుగు కోసం కన్ను తిప్పి వెతుకుతారు, కనిపించకుండానే బటన్ నొక్కుతారు. మళ్లీ చేసినప్పుడూ మచ్చ అక్కడే ఉంటే నమ్మాలి. కన్ను మంటెక్కితే బటన్ నొక్కిపట్టి ఆగవచ్చని ముందే చెప్పండి.

జవాబు 2:
శుక్లం అంటే మసకబారిన లెన్సు, తీసి కొత్తది పెడతారు. ఇది నరం జబ్బు, పోయిన నరం తిరిగి రాదు. చుక్కలైనా, లేజరైనా, ట్రాబెక్యులెక్టమీ (నీరు బయటికి పోవడానికి కొత్త దారి చేసే ఆపరేషన్) అయినా ప్రెషర్ దించి, ఉన్నది కాపాడటానికే. తెరిచిన కోణం ఉన్నవారికి ఎస్ఎల్‌టీ లేజర్‌ను (నీరు పోయే మూలకు చేసే లేజర్) మొదటి చికిత్సగానూ చేస్తారు, అడిగి చూడండి. దాని ఫలితం కొన్నేళ్లకు తగ్గిపోవచ్చు. లాటానోప్రోస్ట్ మామూలుగా పాతిక నుంచి ముప్పై శాతం దించుతుంది. అంటే 25 కాస్తా 18 దగ్గరికి రావాలి. రాకపోతే మందు మార్చేముందు చుక్క కంట్లో పడుతోందా అని చూడాలి. సగం కేసుల్లో తప్పు అక్కడే అనిపిస్తుంది నాకు.

తల వెనక్కి వాల్చి, కింది రెప్పను లాగి సంచిలా చేసి, సీసా మూతి ఎక్కడా తగలకుండా ఒక్కటే చుక్క. రెండో చుక్కకు కంట్లో చోటుండదు, చెంపమీదికి కారిపోతుంది, నెల రావాల్సిన సీసా పదిహేను రోజులకే అయిపోతుంది. వేశాక కళ్లు మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కాలి. లేకపోతే మందు ముక్కులోంచి గొంతులోకి దిగుతుంది. ఇంకో మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగాలి. రెప్పల చుట్టూ అంటింది తుడిచేయకపోతే చర్మం నల్లబడుతుంది, వెంట్రుకలు పెరుగుతాయి. చేయి వణికితే ఇంట్లో ఇంకొకరు వేయండి.

తెరవని సీసా ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాదు. తెరిచాక 25 డిగ్రీల లోపు ఉంచమంటారు. మన వేసవిలో అది గదిలో కుదరదు, ఫ్రిజ్ తలుపులోనే పెట్టండి. తెరిచిన తేదీ సీసామీద రాసుకుని, దానిమీద ఉన్న గడువు (ఎక్కువగా 4 నుంచి 6 వారాలు) దాటితే పారేయండి.

ప్రశ్న అడిగినవారు:
అమ్మకు ఆస్తమా. ఆవిడ కళ్లకూ ప్రెషర్ ఎక్కువని తేలితే ఇవే వేయొచ్చా?

జవాబు 2:
ఒకరి సీసా ఇంకొకరికి వద్దు. టిమోలాల్ (ఇదీ గ్లకోమా మందే) కలిసిన చుక్కలైతే ఆస్తమావాళ్లకు ఊపిరి బిగుస్తుంది, గుండె వేగం తగ్గుతుంది. ఆస్తమా సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. కళ్ల దురదకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే, కొందరికి వారాల్లోనే ప్రెషర్ పెరుగుతుంది. సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

జవాబు 1:
అమ్మగారికి ప్లస్ పవర్ ఉంటే గోనియోస్కోపీ తప్పనిసరిగా అడగండి. కోణం ఇరుకైతే దారి వేరు. లేజర్‌తో కనుపాప చుట్టూ ఉండే రంగు పొరలో (ఐరిస్) చిన్న రంధ్రం చేస్తారు, కొందరికి లెన్సు తీస్తే కోణం విప్పారుతుంది. కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పి, దీపాల చుట్టూ రంగు వలయాలు, తలనొప్పి, వాంతులు కలిసి వస్తే కడుపు డాక్టరు దగ్గరకు కాదు, ఆ గంటలోనే కంటి ఆసుపత్రికి. జలుబు బిళ్లల మీద 'గ్లకోమా ఉన్నవారు వాడరాదు' అని రాసేది ఈ ఇరుకు కోణం వాళ్ల కోసం. నాన్నగారికి తెరిచిన కోణం కాబట్టి ఆ భయం అంతగా లేదు.

నాన్నగారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, 40 దాటిన పిల్లలు కూడా కళ్లు చూపించుకోవాలి. ప్రెషర్ ఒక్కటే కాదు, నరం చూడమని చెప్పి మరీ.