సమస్య: "బ్యాటు రెక్క లార్చి పైకి నెగిరె"

నిర్వాహకుడు: నిన్న సాయంత్రం మేడ మీద మా మనవడు "తాతా, బ్యాట్! బ్యాట్!" అని అరిస్తే, వాడి క్రికెట్ బ్యాటు ఎవరో ఎత్తుకుపోతున్నారని లుంగీ ఎగ్గట్టి పరుగెత్తాను. తీరా చూస్తే నెత్తి మీదుగా పోతున్న గబ్బిలం. ఆ పరుగు వృథా పోకూడదని ఈ పాదం. ఆదివారం రాత్రి దాకా గడువు.

పెన్నేటి గట్టు:
చీకటయిన వేళ చింతచెట్టును వీడి
పండు వెదకుకొనుచు బాట పట్టు
గబ్బిలమ్ము నాంగ్లకవి చూచి యిట్లనె
బ్యాటు రెక్క లార్చి పైకి నెగిరె

గణాల లెక్క: శుభ్రంగా ఉంది. కాకపోతే ఈ పూరణ మనవడే ముందు చేసేశాడు.

మిడాన్:
చేయి చెమట పట్టి సిక్సరు జాడించి
కొట్టబోవ పట్టు కొంచె మూడె
బంతి యచటె యుండె పక్షియో యనునట్లు
బ్యాటు రెక్క లార్చి పైకి నెగిరె

మా కాలనీలో నిజంగా జరిగిందండీ, పోయి పాలవాడి సైకిలు మీద పడింది.

పెన్నేటి గట్టు: "పక్షియో యనునట్లు" అన్నాక ఇక సమస్య ఎక్కడుంది? ఉపమానం పెడితే రోకలి కూడా ఎగురుతుంది. అసలు ఇంగ్లీషులో ఇవి రెండు వేరే మాటలు. కర్ర బ్యాటు పాత ఇంగ్లీషు నాటిది, గబ్బిలాన్ని ముందు "బక్కె" అనేవారు, 16వ శతాబ్దంలో అదీ బ్యాట్ అయి కూర్చుంది.

ఆవకాయ:
కూటి కొరకు తాడు గుప్పిట బిగియించి
జనులు నోళ్ళు తెరచి చప్పుడుడుగ
ఊయ లొదలి గాలి నూపుతో నొక యాక్రొ
బ్యాటు రెక్క లార్చి పైకి నెగిరె

మిడాన్: అబ్బ! సర్కస్‌లోకి తీసుకెళ్లిపోయారు!

గణాల లెక్క: ఆగండాగండి. యాక్రొబ్యాటు ఒకే మాట. "బ్యా" సంయుక్తం కనక ముందున్న "క్రొ" గురువు, మూడో పాదం చివరి గణం గోవిందా. పైగా గ్రీకులో ఆ మాటకు మునివేళ్ల మీద నడిచేవాడని అర్థం, మీరేమో వాణ్ణి గాల్లోకి ఎగరేశారు.

ఆవకాయ: మాష్టారూ, అక్కడ యకారం పలుకుతోందా? "మేక" అనేటప్పుడు మనలో చాలామంది నోట వచ్చే శబ్దమే అది, దానికి మనకు అక్షరం లేక య వత్తుతో సరిపెట్టుకుంటున్నాం. సంయుక్తం కంటికే, చెవికి కాదు. అయినా ఉగాది పూరణలో "కొత్త ప్యాంటు" అని మీరు రాసినప్పుడు "త్త" లఘువు ఎలా అయిందో?

గణాల లెక్క: అవి రెండు పదాలు, ఇది ఒకటి. నా ప్యాంటు జోలికి రావద్దు.

మిడాన్: ఆ ప్యాంటుకి అప్పుడు బహుమతి కూడా ఇచ్చారు, నా "బ్యాంకు" పూరణని మాత్రం పక్కన పెట్టారు.

పెన్నేటి గట్టు: నది బ్యాంకుకీ డబ్బు బ్యాంకుకీ పుట్టుకలోనే సంబంధం లేదని దబాయించావు కాబట్టి. ఇటలీలో డబ్బు మార్చేవాళ్ల బల్ల "బాంకా", మూలానికి వెళ్తే గట్టుకీ దానికీ చుట్టరికం ఉంది.

నిర్వాహకుడు: బ్యాంకులు తర్వాత. అందరం బ్యాటునే పట్టుకు వేలాడుతున్నాం గాని, ఆవకాయగారు విరిచింది "రెక్క"ని. రెక్కాడితే గాని డొక్కాడనివాడు కనకే మొదట్లో "కూటి కొరకు" అని వేశారు. ఇంగ్లీషు మాటకు రెండర్థాలని నేను వలేస్తే తెలుగు మాట పడింది.

గణాల లెక్క: రెక్క బాగుంది, నేనెప్పుడు కాదన్నాను? "క్రొ" మాత్రం గురువే.